ఒట్టో డిక్స్ ‘మహానగరం’: మధ్యలో డాన్సు, అటూ ఇటూ కాళ్ళు లేని సైనికులు

నెక్కార్_తీరం

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంప్రెషనిస్టుల గురించి, రవివర్మ గురించి బోలెడు మాట్లాడుకున్నాం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మన్ బొమ్మల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళినట్టు లేదు. నేనుండే స్టుట్‌గార్ట్‌లో, ఊరి నడిబొడ్డున ఉన్న కున్స్ట్ మ్యూజియంలో ఒట్టో డిక్స్ వేసిన ‘మహానగరం’ ఉంది. 1927, 28లలో వేశాడు. మూడు చెక్క పలకలు పక్కపక్కన పెట్టిన ఒకే బొమ్మ. ఎత్తు 181 సెంటీమీటర్లు, మూడూ కలిపి వెడల్పు నాలుగు మీటర్లు. నెట్‌లో చూసేదానికీ ఎదురుగా నిలబడి చూసేదానికీ పోలికే లేదు.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. నడిమి పలకలో ఖరీదైన నైట్ క్లబ్. ఎడమ పక్క జాజ్ బ్యాండ్, అందులో ముందుగా కళ్ళకు కొట్టొచ్చేది శాక్సోఫోన్. ఒక జంట డాన్సు చేస్తోంది. కుడివైపు నిప్పుకోడి ఈకల విసనకర్ర పట్టుకుని ఒకావిడ. కింద చెక్క నేల తళతళలాడుతోంది.

ఎడమ రెక్కలో, అంటే ఎడమ పక్క పలకలో, రాళ్ళు పరిచిన వీధి. పాత మిలిటరీ దుస్తుల్లో ఒకతను, కాళ్ళుండాల్సిన చోట కట్టెలు, చంకల్లో ఊతకర్రలు. ఇంకొకడు నేల మీద పడి ఉన్నాడు. ఒక కుక్క మొరుగుతోంది. అవతల ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళు నిలబడ్డారు. కుడి రెక్కలో చెక్కడాలతో నిండిన భారీ రాతి కట్టడం, దాని ముందు నుంచి నడిచిపోతున్న అదే వృత్తి ఆడవాళ్ళు, కాకపోతే వీళ్ళు ఫర్లు కప్పుకున్న ఖరీదైనవాళ్ళు. కింద మూలలో రెండు కాళ్ళూ లేని మాజీ సైనికుడు, ముఖం ఛిద్రమైపోయి, చెయ్యెత్తి సెల్యూట్ చేస్తున్నాడు. ఎవరూ పట్టించుకోరు.

‘లోపల డబ్బున్నవాళ్ళు, బయట బీదవాళ్ళు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే రాతలు చాలా చూశాను. నాకు అది చాలదనిపిస్తుంది. డిక్స్ ఎవరిని వేలెత్తి చూపిస్తున్నాడు? ఆ డాన్సు చేసేవాళ్ళనేనా? క్లబ్బులో ఉన్నవాళ్ళు కూడా ఆ యుద్ధంలోంచి బయటపడ్డవాళ్ళే అని అతను చెప్తున్నాడని నా నమ్మకం. మీరేమంటారు?

రంగుడబ్బా

అన్నా, బొమ్మ ఇప్పుడే పెద్దది చేసి చూశాను. రెండు డౌట్లు. నేను బీఎఫ్‌ఏ రెండో సంవత్సరం. ఎక్స్‌ప్రెషనిజం అంటే కిర్క్‌నర్, నోల్డె లాంటి జర్మన్ చిత్రకారులు, దట్టమైన కుంచె గీతలు, పచ్చి రంగులు అని చదువుకున్నాం. ఇదేమో నాలుగైదు వందల ఏళ్ళ కిందటి బొమ్మలా నున్నగా ఉంది. దీన్ని ఎక్స్‌ప్రెషనిజం అనొచ్చా? రెండోది, ముఖాలు అంత వికారంగా వేసినవాడు బట్టల్ని, నేలని, శాక్సోఫోన్‌ని అంత ముద్దుగా ఎందుకు వేశాడు?

చిత్రలేఖ_వైజాగ్

మంచి ప్రశ్నలు. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది.

కిర్క్‌నర్, హెకెల్, ష్మిట్-రోట్లుఫ్ వాళ్ళంతా 1905లో డ్రెస్డెన్‌లో ‘డీ బ్రూకె’ బృందం పెట్టారు. కిర్క్‌నర్ బెర్లిన్ వీధుల బొమ్మలు, టోపీల్లో ఈకలు పెట్టుకున్న ఆడవాళ్ళు, 1913 నుంచి 15 దాకా. అంటే రాత్రి నగరం అనే విషయం డిక్స్‌కి ముందే ఉంది, యుద్ధానికి ముందే ఉంది. డిక్స్ అక్కణ్ణుంచే మొదలయ్యాడు. కందకాల్లో కూర్చుని గీసినవన్నీ కోసుగా, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. 1920 తర్వాత నెమ్మదిగా పాత మాస్టర్ల వైపు తిరిగాడు. 1925లో మాన్‌హైమ్‌లో మ్యూజియం డైరెక్టర్ హార్ట్‌లౌబ్ ‘నోయె సాఖ్‌లిష్‌కైట్’ (కొత్త వాస్తవికత) పేరుతో పెట్టిన ప్రదర్శనలో డిక్స్ కూడా ఉన్నాడు. అందుకే పరీక్షలో ఆ పేరు రాస్తే మార్కులొస్తాయి. కానీ ఆ ముఖాలు, సాగదీసిన ఒళ్ళు, ఆ రంగుల జ్వరం చూడు. లోపల ఎక్స్‌ప్రెషనిస్టు ఎక్కడికీ పోలేదు.

ఇక నున్నదనం. ముందు చెక్క పలకకు తెల్లటి పూత వేసి, ఆరనిచ్చి, రుద్ది నున్నగా చేస్తారు. విడిగా కాగితం మీద అసలు సైజులో గీసుకున్న బొమ్మను దాని మీదికి దించుతారు. టెంపెరాతో, అంటే గుడ్డుసొన కలిపిన రంగుతో, వెలుగునీడలు కట్టి, ఆ పైన పల్చటి నూనెరంగు పొర, అది ఆరాక ఇంకో పొర, ఇలా పోతారు. వెలుతురు ఆ పొరలన్నీ దాటి కింది తెలుపును తాకి వెనక్కి వస్తుంది. అందుకే రంగు పైన పూసినట్టు ఉండదు, లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. పదహారో శతాబ్దపు జర్మన్ చిత్రకారులు క్రానాఖ్, హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ వాళ్ళ కాలపు పద్ధతి ఇది. ఈ పద్ధతిలో క్లబ్బులోని ఆవిడ పల్చటి గౌను లాంటిది వేయాలంటే ముందు ఒంటిరంగు పూర్తిగా కట్టి, దాని మీద బట్టను పొరగా కప్పి, చివర్లో సన్న కుంచెతో మెరుపులు ఎత్తాలి. తొందరపడితే బురదే. పిల్లలతో చేయించినప్పుడల్లా అందరూ ఆరకముందే రెండో పొర వేసేస్తారు.

నీ రెండో ప్రశ్నకు వస్తే, రెక్కల వైపు కూడా అంతే దగ్గరగా చూడు. పట్టు గౌను మీద ఎంత ఓపిక పెట్టాడో, వీధి రాళ్ళ మీద, ఆ కట్టె కాలు మీద కూడా అంతే పెట్టాడు. క్లబ్బుకి మెరుపు, వీధికి మసి అని పంచలేదు. పైన నెక్కార్ గారు అడిగినదానికి నా జవాబు కూడా ఇదే. తీర్పు చెప్పాలనుకున్నవాడు వెలుతురును ఇంత సమానంగా పంచడు.

పాతపేజీలు

చరిత్ర చెప్పేవాడిగా నాకు ముందు ఆ సంవత్సరం కనిపిస్తుంది. 1927–28.

ఆ యుద్ధంలో జర్మనీ సైనికులు దాదాపు 20 లక్షల మంది పోయారు. యుద్ధం నడిచినన్నాళ్ళూ బహిరంగ డాన్సుల మీద నిషేధం ఉండేది. 1918 ఆఖరులో ఎత్తేయగానే జనం హాళ్ళ మీద విరుచుకుపడ్డారు. ఊరంతా ఆకలి, వీధుల్లో తుపాకులు, అయినా డాన్సు. తర్వాత 1923. ఆ నవంబరులో ఒక అమెరికన్ డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు. ఒక మధ్యతరగతి ఉద్యోగి జన్మంతా దాచుకున్న డబ్బుతో ఏమీ కొనలేని పరిస్థితి. రేపటికి విలువ లేని నోటును ఈ రాత్రే ఖర్చుపెట్టేయడం తెలివైన పని అయిపోయింది. ఆ అలవాటు నోటు కుదురుకున్నాక కూడా పోలేదు.

1924లో డాస్ ప్రణాళిక (జర్మనీ కట్టాల్సిన యుద్ధ నష్టపరిహారాన్ని వాయిదాలుగా సర్దిన ఒప్పందం), అమెరికా అప్పులు. ఆ అప్పులతోనే ఊళ్ళు మళ్ళీ లేచాయి. జాజ్ కూడా అటునుంచే వచ్చింది. 1926లో అమెరికన్ నర్తకి జోసెఫిన్ బేకర్ బెర్లిన్‌లో ఆడింది. యుద్ధంలో గెలిచిన దేశం డబ్బు, గెలిచిన దేశం పాట, ఓడిన దేశం నేల మీద. ఆ శాక్సోఫోన్‌ని నేను అలా చూస్తాను. డిక్స్ ఈ బొమ్మ ముగించిన ఏడాదికి, 1929 అక్టోబరులో న్యూయార్క్ మార్కెట్ కూలింది, అప్పులు వెనక్కి పోయాయి. జర్మన్లు మంచి రోజులని తలుచుకునే ఆ నాలుగైదేళ్ళ చివర్లో వేసిన బొమ్మ ఇది. ఆ సంగతి తెలియకుండానే వేశాడు, అందుకే ఇంకా విలువైనది.

ఫిజియో_గుంటూరు

నాకు కళ గురించి ఏమీ తెలియదు. కాళ్ళు పోయినవాళ్ళని నిలబెట్టి నడిపించడం నా పని. అందుకని నా కళ్ళు ఆ రెండు రెక్కల మీదే ఆగిపోయాయి.

ఎడమ పక్కనున్న మనిషికి మోకాలు వంగే కాలు కాదు, ఉత్త కట్టె. రాళ్ళు పరిచిన వీధిలో దాంతో నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. రాయి రాయికీ మధ్య సందు ఉంటుంది, కర్ర కొస అందులో ఇరుక్కుంటుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. ఏడాది తిరిగేసరికి చంకలు పుండ్లు, మెడ పట్టేయడం. ఆ పక్కన మొరిగే కుక్క! బ్యాలెన్స్ లేని మనిషికి కుక్క అంటే ఎంత టెన్షనో మామూలువాళ్ళకు అర్థం కాదు.

కుడి పక్కనున్నవాడి ముఖం గురించి. కందకంలో తల ఒక్కటే పైకి కనిపిస్తుంది కాబట్టి ముఖానికి తగిలిన గాయాలు ఆ యుద్ధంలో విపరీతం. బెర్లిన్ షరిటే ఆస్పత్రిలో జాక్ జోసెఫ్ 1916 నుంచి ఇలాంటి ముఖాలు సరిచేసే విభాగం నడిపాడు. అటు ఇంగ్లండ్‌లో హెరాల్డ్ గిలీస్. నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కు కట్టే పద్ధతిని అప్పటికీ ఇప్పటికీ ‘ఇండియన్ పద్ధతి’ అనే అంటారు. 1790లలో టిప్పు సుల్తాన్ సైనికులు ముక్కు కోసేసిన ఒక బళ్ళ తోలేవాడికి పూనా ప్రాంతంలో ఆ ఆపరేషన్ చేశారు, 1794లో లండన్ పత్రికలో అచ్చయింది, అక్కణ్ణుంచి యూరప్ సర్జన్లు పట్టుకున్నారు. డిక్స్ 1924లో వేసిన ‘యుద్ధం’ ఎచింగుల్లో (లోహపు రేకు మీద గీసి అచ్చేసే బొమ్మల్లో) చర్మం అతికించిన ఒక సైనికుడి ముఖం ఉంది. నేను చూసిన మెడికల్ ఫొటోలకు అది ఏమాత్రం తీసిపోదు. కల్పించి వేసినట్టు అనిపించదు.

నెక్కార్_తీరం

ఫిజియో గారూ, చాలా థాంక్స్. కుక్క గురించి ఒక మాట. 1920లో డిక్స్ ‘అగ్గిపెట్టెలు అమ్మేవాడు’ అని ఒక బొమ్మ వేశాడు. చేతులూ కాళ్ళూ లేని గుడ్డివాడు గోడకానుకుని కూర్చుంటే, దారినపోయేవాళ్ళు పరుగున తప్పుకుంటారు, ఒక పొట్టి కుక్క అతని మీద ఉచ్చపోస్తుంది. అంటే ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ కుక్క అతన్ని వదల్లేదు.

డిక్స్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1891లో గెరా పక్కన ఉంటర్మ్‌హౌస్‌లో పుట్టాడు. తండ్రి ఇనుప ఫౌండ్రీలో కార్మికుడు, తల్లి కుట్టుపని చేసేది. 1914లో తనంతట తానే సైన్యంలో చేరాడు. మెషిన్ గన్ దళంలో పనిచేశాడు, సోమ్ యుద్ధంలో ఉన్నాడు, తర్వాత రష్యా వైపు వెళ్ళాడు, 1918లో మెడకు గాయమైంది. కూలిన ఇళ్ళ మధ్య, దూరలేని సందుల్లో పాకుతున్నట్టు ఏళ్ళ తరబడి కలలొచ్చేవని పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

అదే మనిషికి డాన్సంటే పిచ్చి. అమెరికన్ డాన్సులు నేర్చుకుని భార్య మార్తాతో కలిసి ఆడేవాడు, ఇంట్లో అతని ముద్దుపేరు ‘జిమ్మీ’. అందుకే నేను మొదట్లో అలా అడిగాను. రాత్రి కలలో పాకేవాడూ, సాయంత్రం డాన్సు చేసేవాడూ ఒక్కడే. మూడు పలకల్లో ఏది తనది, ఏది పరాయివాడిది అని అతనెలా విడదీస్తాడు?

వెన్నెల_వాకిలి

అందరూ ఇంత బాగా రాస్తున్నారు, కానీ ఒక్కరు కూడా ఆ ఆడవాళ్ళ గురించి మాట్లాడలేదు. ఆ బొమ్మ చూస్తే నాకు కోపం వస్తుంది.

కాళ్ళు పోయిన మగవాళ్ళకు మూలన కూర్చున్నా ఒక గౌరవం ఉంది, జాలి ఉంది. ఆడవాళ్ళకు ఏముంది? కుడి రెక్కలో ముందు నడిచే ఆవిడ కప్పుకున్న ఫర్‌ని స్త్రీ జననాంగం ఆకారంలో వేశాడు. అంటే ఆవిడ మనిషి కాదు, ఒక అవయవం. వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని ఎవరైనా అడిగారా? యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసింది ఆడవాళ్ళే. మగవాళ్ళు తిరిగిరాగానే వాళ్ళకు చోటివ్వాలని ఆడవాళ్ళని పనిలోంచి తీసేశారు. లక్షల మంది భర్తలు పోయినవాళ్ళు. ఆ వీధిలో నిలబడ్డ ఆడవాళ్ళకు కూడా అదే యుద్ధం తగిలింది. డిక్స్ ఆ గాయం చూడలేదు, లేదా చూడదలుచుకోలేదు.

అదే కాలపు జర్మన్ చిత్రకారిణి కేథె కోల్‌విట్జ్‌ని పక్కన పెట్టి చూడండి. ఆవిడ చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబరులో యుద్ధంలో పోయాడు. ఆ తర్వాత ఆవిడ చేసిన ఏడు చెక్క అచ్చుల వరసలో విధవలున్నారు, బిడ్డల్ని చుట్టుకుని నిలబడ్డ తల్లులున్నారు. నల్లటి సిరా తప్ప రంగే లేదు. రాత్రి నగరం ఆవిడ వేయలేదు, కానీ ఆ నగరంలో ఇంటి దగ్గర మిగిలినవాళ్ళని ఆవిడ మాత్రమే చూసింది.

నెక్కార్_తీరం

వెన్నెల గారూ, కోల్‌విట్జ్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను. డిక్స్ ఆడవాళ్ళని చూడలేదన్న మాట దగ్గర మాత్రం ఆగుతున్నాను. 1925లో అనీటా బెర్బర్ అనే నర్తకి బొమ్మ వేశాడు. ఎర్ర గౌను, ఎర్ర జుట్టు, వెనక కూడా ఎరుపే. ఊరంతా ఆవిడను తిట్టుకునే రోజుల్లో అంత నిటారుగా, రాణిలా నిలబెట్టాడు. 1926లో జర్నలిస్టు సిల్వియా ఫాన్ హార్డెన్‌ని కేఫ్ బల్ల దగ్గర, కంటికి ఒంటి అద్దంతో, సిగరెట్‌తో వేశాడు. ఇవి అవయవాలు కావు, మనుషులు.

వెన్నెల_వాకిలి

బెర్బర్ బొమ్మ నేనూ చూశాను. అప్పటికి ఆవిడకు 26 ఏళ్ళు. బొమ్మలో ఎంత వయసు కనిపిస్తోంది? దానికి రెట్టింపు. 1928లో క్షయతో పోయింది. పేరున్న ఆడదైతే ఒక పూర్తి పలక ఇస్తాడు, పేరు లేనివాళ్ళు గుంపులో ముఖం లేకుండా పోతారు. నా మాట మీద నేనుంటాను. బొమ్మ గొప్పదని ఒప్పుకుంటూనే అంటున్నాను.

చిత్రలేఖ_వైజాగ్

వెన్నెల అన్నది కొట్టిపారేయలేం. నేను ఇంకో వైపు నుంచి వస్తాను.

మూడు పలకల పద్ధతి చర్చి పీఠం మీద పెట్టే బొమ్మలది. నడుమ క్రీస్తో మేరీయో, రెక్కల మీద సాధువులు. డిక్స్ మనసులో ఉన్నది పదహారో శతాబ్దపు జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ వేసిన ఇసెన్‌హైమ్ పీఠం బొమ్మ. ఫ్రాన్స్‌లోని కోల్మార్‌లో ఉంది. అది వేసింది ఒక ఆస్పత్రి కోసం. పాడైన రై గింజలు తిని, చేతులూ కాళ్ళూ కుళ్ళిపోయిన రోగుల్ని అక్కడి సన్యాసులు చూసుకునేవాళ్ళు. అవయవాలు తీసేసిన మనుషుల్ని ఆ బొమ్మ ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. సిలువ మీది క్రీస్తు ఒంటి నిండా పుండ్లుంటాయి, వాళ్ళ ఒంటి మీద ఉన్నట్టే.

ఇప్పుడు డిక్స్ బొమ్మ చూడండి. పీఠం ముందు కూర్చోవాల్సిన రోగులు రెక్కల్లోకి వెళ్ళిపోయారు, నడుమ స్థానం క్లబ్బుకి పోయింది. నాలుగు వందల ఏళ్ళ కిందట కాళ్ళు లేనివాడి కోసం వేసిన బొమ్మ ఆకారం ఇది. అదే ఆకారంలో కాళ్ళు లేనివాడికి గుమ్మం దాటే వీలు లేదు. ఈ ఒక్క సంగతి చాలు నాకు, డిక్స్ సరదాకి మూడు పలకలు తీసుకోలేదని చెప్పడానికి.

తూర్పుగాలి

మేడం, అలా అయితే అది తీర్పే కదా? గుమ్మం బయట పెట్టాడు అంటే లోపలివాళ్ళని తప్పుపట్టినట్టే. ‘వెలుతురు సమానంగా పంచాడు’ అని ముందు మీరే రాశారు. నాకైతే ఈ బొమ్మలో కోపం స్పష్టంగా కనిపిస్తుంది, అది కోపమని చెప్పడానికి మొహమాటం ఎందుకు? దేశం కోసం కాళ్ళిచ్చినవాడు అడుక్కుంటుంటే పక్కనే డాన్సు. ఆ సెల్యూట్ ఎవరికి చేస్తున్నాడో చూడండి.

పాతపేజీలు

తూర్పుగాలి గారూ, కోపం ఉంది, కాదనను. ఒక చిన్న లెక్క కూడా పక్కన పెట్టుకుందాం. ఆ ప్రభుత్వం గాయపడ్డవాళ్ళని గాలికొదిలేయలేదు. 1920లో పింఛను చట్టం తెచ్చింది. తీవ్రంగా వికలాంగులైనవాళ్ళని కంపెనీలు తప్పనిసరిగా పనిలో పెట్టుకోవాలని అదే ఏడాది మరో చట్టం. 1920ల నడుమ దాదాపు 8 లక్షల మంది ఇలా పింఛను తీసుకుంటున్నారు. ఖజానాకు అది మామూలు భారం కాదు.

మరి వాళ్ళు ఎందుకంత రగిలిపోయారు? డబ్బు ఆఫీసు నుంచి వచ్చింది, ఫారాలు నింపితే వచ్చింది, నీ వైకల్యం ఎన్ని శాతం అని డాక్టరు కొలిచి తేలిస్తే వచ్చింది. పక్కింటివాడు మాత్రం ముఖం తిప్పుకున్నాడు. ‘ప్రభుత్వం చూసుకుంటోందిగా’ అని ఊరు చేతులు దులుపుకుంది. ఆ కుడి రెక్కలో నడిచిపోయేవాళ్ళలో నాకు కనిపించేది అదే. క్రూరత్వం కూడా లేదు, పట్టనితనం. ఆ ఖాళీలోకే తర్వాత హిట్లర్ మనుషులు దూరారు, ‘మీకు గౌరవం మేమిస్తాం’ అంటూ. 1920లోనే డిక్స్ ‘ప్రాగర్ వీధి’ బొమ్మలో, చక్రాల బండి మీదున్న కాళ్ళు లేనివాడి కింద ఒక కరపత్రం వేశాడు. యూదులు వెళ్ళిపోవాలి అని ఉంటుంది దాని మీద. ఆ బొమ్మ కూడా స్టుట్‌గార్ట్‌లోనే ఉంది.

ఫిజియో_గుంటూరు

పాతపేజీలు గారు చెప్పిన ‘ఎన్ని శాతం’ అనే మాట దగ్గర గుండె చివుక్కుమంది. సర్టిఫికెట్ కోసం క్యూలో నిలబడ్డ మనుషుల్ని నేను రోజూ చూస్తాను.

రంగుడబ్బా

హిట్లర్ వచ్చాక డిక్స్‌ని ఏం చేశారు?

నెక్కార్_తీరం

1927లో డ్రెస్డెన్ అకాడమీలో ప్రొఫెసర్ అయ్యాడు, ‘మహానగరం’ అక్కడున్నప్పుడు వేసిందే. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఆయన్ని తీసేశారు. జనం నీతిని, యుద్ధం చేసే మనసును దెబ్బతీసే బొమ్మలన్నారు. మ్యూజియంల నుంచి దాదాపు 260 బొమ్మలు లాక్కున్నారు. 1937లో మ్యూనిక్‌లో ‘చెడిపోయిన కళ’ ప్రదర్శన పెట్టి ‘కందకం’, ‘యుద్ధ వికలాంగులు’ అందులో వేలాడదీశారు. ఆ రెండూ ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు. ఆయన 1936లోనే బోడెన్‌జే సరస్సు ఒడ్డున హెమ్మెన్‌హోఫెన్‌కి వెళ్ళిపోయి కొండలూ చెట్లూ వేసుకుంటూ బతికాడు. 1945లో, 53 ఏళ్ళ వయసులో, మళ్ళీ యూనిఫారం తొడిగి పంపారు. ఫ్రెంచివాళ్ళకి చిక్కి ఖైదీ అయ్యాడు. ఎక్కడనుకున్నారు? కోల్మార్‌లో. చిత్రలేఖ గారు చెప్పిన పీఠం ఉన్న ఊళ్ళోనే. అక్కడ ఖైదీల ప్రార్థన గది కోసం మళ్ళీ మూడు పలకల బొమ్మ ఒకటి వేశాడు.

చిత్రలేఖ_వైజాగ్

తూర్పుగాలి గారూ, మీ మాట మీద చాలాసేపు ఆలోచించాను. తీర్పు, కోపం రెండూ ఒకటే అని నాకు అనిపించదు. కోపం ఉన్నవాడు తనమీద కూడా కోప్పడగలడు. ‘మహానగరం’ అయిపోయాక డిక్స్ 1929 నుంచి 32 దాకా డ్రెస్డెన్‌లో ఉన్న ‘యుద్ధం’ వేశాడు, అదీ మూడు పలకలే, కింద నాలుగోది. దాని కుడి రెక్కలో గాయపడ్డవాణ్ణి మోసుకొస్తున్నది డిక్సే, తన ముఖమే వేసుకున్నాడు. అంటే ఒక బొమ్మలో క్లబ్బు, రెండో బొమ్మలో ఆ క్లబ్బు నేల కింద ఏముందో చూపించాడు. రెండూ కలిపి చూస్తే తప్ప మన వాదన తెగదు.

తూర్పుగాలి

డ్రెస్డెన్‌ది చూశాక మళ్ళీ రాస్తాను మేడం. ఇప్పటికైతే నాకు ఆ సెల్యూట్ తిట్టులాగే వినిపిస్తోంది.

రంగుడబ్బా

నెక్కార్ అన్నా, అసలు సైజు డ్రాయింగ్ కూడా ఉందా? ఉంటే ఫొటో పెడతారా? పొరలు వేయకముందు గీతలు ఎలా ఉన్నాయో చూడాలని ఉంది. ఈ సెమిస్టర్‌లో గుడ్డుసొన టెంపెరా మొదలుపెడుతున్నాను.

నెక్కార్_తీరం

ఉంది తమ్ముడూ, ఈ మ్యూజియం దగ్గరే ఉంది. కాగితం మీది బొమ్మలు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి ఎప్పుడూ గోడ మీద ఉంచరు. ఇప్పుడు బయట పెట్టారో లేదో కనుక్కుని రాస్తాను. పెట్టి ఉంటే శనివారం వెళ్ళి, ఫొటో తీయనిస్తే ఎడమ రెక్క వీధి రాళ్ళు, కుడి రెక్క ముఖం, రెండూ దగ్గరగా తీసి ఇక్కడే పెడతాను.